కళ్లున్న మగ్గు

కోదండం చెయ్యి ముప్పై ఏళ్లుగా దేవుళ్లనే గీసింది. శ్రీకాళహస్తిలో కలంకారీ గుడ్డ ముందు వెదురు కలం పట్టుకుని కూర్చున్నవాడు ఇంకేం గీస్తాడు? రాముడో, కృష్ణుడో. గీయడం వరకే ఆయన పని. ఆ గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టేది, రంగులో ఉడకబెట్టేది, స్వర్ణముఖి ఏట్లో మోకాళ్ల లోతున నిలబడి జాడించేది ఆయన భార్య కుప్పమ్మ. ఆ మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు కాళ్లు చాపుకుని కూర్చోవాలని ఆమె ఆశ. ఇదీ ఒక ఆశేనా అని మీరు నవ్వొచ్చు. కూర్చున్నవాళ్లకేం తెలుస్తుంది?

ఆ మంగళవారం ఒక మిగులు గుడ్డముక్క ముందేసుకుని కోదండం స్నానాల మగ్గు వైపే చూస్తూ ఉండిపోయాడు. పచ్చ ప్లాస్టిక్ మగ్గు. పిడి విరిగితే కుప్పమ్మే తీగతో కట్టింది.

"మే కుప్పా, ఇన్నాళ్లూ సూడలేదు గానీ, ఈ మగ్గు ఎంత అందంగా ఉండాదో."

"ఉంటాది మామా. నీళ్లు కారతాది, అంతే."

గీశాడు. తీగ కట్టు కూడా వదల్లేదు. చుట్టూ పూల అంచు, వెనక ప్రభ. అంతటితో ఆగి ఉంటే ఏ గొడవా లేదు. కానీ వాళ్ల వంశంలో బొమ్మ ఏదైనా సరే, చివర్న కళ్లు పెట్టి కర్పూరం వెలిగించందే కలం దించరు. అలవాటుపడిన చెయ్యి ఊరుకుంటుందా? మగ్గుకు చారెడేసి కళ్లు రెండు పెట్టేసింది. కర్పూరమూ వెలిగింది.

సరిగ్గా అప్పుడే శఠగోపంగారు వచ్చారు. తిరుపతిలో ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన, దశావతారాల గుడ్డకు ఆర్డరిచ్చి ఉన్నారు. బొమ్మను చూశారు, మగ్గును చూశారు, చెంపలు వేసుకున్నారు.

"ప్రతిష్ఠ అయిపోయినట్టేనయ్యా. కళ్లు తెరిచినదాన్ని ఇంక పనికి పెట్టకూడదు. కూర్చోబెట్టి చూసుకోవాల్సిందే" అని తేల్చేశారు. నామం ఎంత వెడల్పున పెట్టాలో మాత్రం ఆలోచించి చెబుతానన్నారు.

మగ్గు దేవుడి గూట్లోకి ఎక్కింది. కుప్పమ్మ కాఫీ గ్లాసుతో స్నానం చేసింది.

కోదండానికి పూనకం వచ్చినట్టయింది. బుధవారం చీపురు. గురువారం చేట. శుక్రవారం కుక్కరు, విజిల్‌తో సహా. అన్నిటికీ కళ్లే. గూడు నిండితే మిగతావాటిని మంచం మీద పేర్చి, మొగుడూపెళ్లాలు నేల మీద పడుకున్నారు. కుప్పమ్మ వేపమండతో ఊడ్చింది, పక్కింట్లో గిన్నె అడిగి తెచ్చి వండింది. ఆమెకు ఒళ్లు మండింది. మండదా మరి? పనిముట్లన్నీ మంచమెక్కితే వాటి పని ఎక్కడికి పోతుంది, ఆమె నెత్తికే గదా.

ఆదివారం పొద్దున ఆయన రోకలి కోసం వెతుకుతుంటే, కుప్పమ్మ ఎదురుగా చాప వేసుకుని కూర్చుంది. కాళ్లు చాపింది.

"నన్ను గీయి మామా."

"నిన్నా? నిన్నెందుకు?"

"తీగ కట్టిన మగ్గును గీసినావు. నాకు తీగ ఒక్కటే తక్కువ. గీయి."

గీశాడు. పగిలిన మడమలు, కరక్కాయ మరకలు పట్టిన గోళ్లు, ఉబ్బిన మోకాళ్లు. అవి ఎప్పుడు అంతగా వాచాయో ఆయనకు తెలియదు. గీస్తూ గీస్తూ సిగ్గుపడ్డాడు. అంచు అయింది, ప్రభ అయింది. కళ్ల దగ్గర కలం ఆగిపోయింది. పెడితే రేపటి నుంచి గుడ్డ ఎవరు జాడించాలి? అన్నం ఎవరు వండాలి?

కుప్పమ్మకు అర్థమైంది. ముప్పై ఏళ్ల కాపురం. అయినా చాపిన కాళ్లు ముడవలేదు.

"పెట్టు మామా" అంది మెల్లగా. "మగ్గుకు పెట్టేటప్పుడు ఇంతసేపు ఆలోసించలేదు గదా నువ్వు."

కోదండం తల దించుకున్నాడు. రెండు కళ్లూ పెట్టాడు. కర్పూరం వెలిగించాడు. తర్వాత లుంగీ ఎగ్గట్టి, గుడ్డల మూట నెత్తికెత్తుకుని ఏటికి బయలుదేరాడు. వాకిట్లోకి వెళ్లాక ఆగి వెనక్కి తిరిగాడు.

"మే, ఈ గుడ్డ ఎన్నిసార్లు జాడించల్ల?"

కుప్పమ్మ పలకలేదు. కళ్లు తెరిచిన బొమ్మ ఎక్కడైనా మాట్లాడుతుందా?