ఇరవై గుడ్ల కేకు

కేకు పెద్దమ్మ ఓవెన్ అమ్మేస్తోందన్న కబురు వీధి చివరి కాఫీ హోటల్‌కి చేరింది. హోటల్ యజమాని పైకి "అయ్యయ్యో" అన్నాడు గానీ, లోపల హమ్మయ్య అనుకున్నాడు. పాపం, అతన్ని అనడానికీ లేదు. ఏళ్ల తరబడి ఆవిడ కేకే ముక్కలు కోసి అమ్ముకున్న మనిషి. ఈమధ్య ఆ కేకు కొరికితే రబ్బరులా సాగుతోంది, పైగా గుడ్డు వాసన. పెద్దావిడకి మొహం మీద ఎలా చెప్పడం? నసిగి నసిగి ఒకరోజు, "పెద్దమ్మగారూ, ఈసారి ఏదో తేడా కొట్టిందండీ" అన్నాడు. పై వారం మళ్ళీ అన్నాడు. ఆ తర్వాత అనడం మానేసి, సగం కేకు తిప్పి పంపాడు.

ఆ సగం కేకుని వంటింటి బల్ల మీద పెట్టుకుని పెద్దమ్మ ఒక ముక్క తిని చూసింది. ఆవిడకి భయం వేసింది. హోటల్ బేరం పోతుందని కాదు. ఆవిడ తల్లి పెద్దతనంలో టీలో ఉప్పు వేసి ఇచ్చి, బాగుందా అని ఆప్యాయంగా అడిగేది. మొదలు అలాగే అయింది. తర్వాత్తర్వాత కన్నకూతుర్ని పట్టుకుని "ఎవరమ్మాయివి నువ్వు?" అంది. ఆ మాట పెద్దమ్మ ఈనాటికీ మర్చిపోలేదు. ఇప్పుడు తన వంతు వచ్చిందని ఖాయం చేసేసుకుంది. లేకపోతే కళ్ళు మూసుకుని చేసే కేకు ఎందుకు పాడవుతుంది? మర్నాడు ఒక్కొక్కటీ పైకి లెక్కపెడుతూ చేసి చూసింది. లెక్క సరిపోయింది, కేకు మాత్రం మళ్ళీ రబ్బరే. దాంతో మరీ బెంబేలెత్తిపోయింది. తప్పు ఎక్కడ చేస్తోందో కూడా తెలియకుండా పోయిందన్నమాట!

ఈ గోడు ఎవరితోనైనా చెప్పుకుంటే సగం బరువు దిగేది. చెప్పుకుంటే ఆవిడ పెద్దమ్మ ఎందుకవుతుంది! కొడుకుని పిలిచి, "మోకాళ్ళు సహకరించడం లేదురా. ఇక నావల్ల కాదు. ఆ ఓవెన్ ఎవరికైనా ఇచ్చెయ్" అంది. కొడుకు మంచివాడే, కాకపోతే చెప్పింది చెప్పినట్టు నమ్మేసే రకం. మోకాళ్ళకి రాసుకునే మందు తెచ్చాడు, ఓవెన్‌కి బేరమూ కుదిర్చాడు. కొనేవాళ్ళు ఆదివారం సాయంత్రం వ్యాను తెచ్చి పట్టుకెళ్తామన్నారు.

ఆదివారం పొద్దున్నే పెద్దమ్మ కోడల్ని వంటింట్లోకి పిలిచింది. తను మర్చిపోయేలోపు ఒక్కరికైనా నేర్పి పెట్టాలని ఆవిడ తాపత్రయం. కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎందుకు నిలబడదూ? కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ కేకు చేసేటప్పుడు అత్తగారు తలుపు గడియ పెట్టుకోవడమే చూసింది.

"రా, అలా చూస్తావేం? మైదా ఒక ప్యాకెట్, చక్కెర ఒక ప్యాకెట్, వెన్న రెండు ప్యాకెట్లు, గుడ్లు ఇరవై. అంతే."

"తూకం వెయ్యక్కర్లేదా అత్తయ్యా?"

"తూకం కంపెనీవాడు వేసే పంపాడు. మళ్ళీ మనం వెయ్యడం ఎందుకు, పనిలేకనా?"

పెళ్ళికి ముందు పెద్దమ్మ ఒక బేకరీలో పని చేసింది. ఈ తూకం మాట అక్కడి మేస్త్రీది. అందుకే ఆ ఇంట్లో ఏనాడూ త్రాసు లేదు. ఆ తర్వాత పెద్దమ్మ గొంతు తగ్గించి అసలు గుట్టు విప్పింది. ఎండబెట్టిన నారింజ తొక్కు పొడి చేసి, ముందుగా చక్కెరలో వేసి చేత్తో నలపాలి. హోటల్‌వాడు ఎన్నిసార్లు బతిమాలినా చెప్పని సంగతి అది.

కోడలు కలిపింది. పెద్దమ్మ స్టూలు మీద కూర్చుని, చెయ్యి పెట్టకుండా చూస్తూ ఉంది. చెయ్యి పెడితే పాడవుతుందని ఆవిడ భయం మరి.

కేకు బయటికి వచ్చింది. టిన్ను అంచు దాకా పొంగాల్సింది నడుం దాకా వచ్చి ఆగిపోయింది. కోడలు ఒక ముక్క కోసి నోట్లో పెట్టుకుంది. రబ్బరు, గుడ్డు వాసన. ఆ పిల్ల మొహం మాడిపోయింది.

"ఏదో దాచారు కదూ అత్తయ్యా?"

పెద్దమ్మ ఆ మాట వింటేగా! గబగబా ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. స్టూలు మీంచి లేచి, కోడలి బుగ్గలు రెండూ పట్టుకుంది. "పాడైంది! నా బంగారు తల్లీ, నీ చేత్తో చేసినా పాడైందే!"

కోడలికి ఒళ్ళు మండింది. "పాడైతే మీకంత సంబరమా? నేర్పడం ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చుగా!"

"అయ్యో, దాచలేదే, ఒట్టు! నేను ఇన్నాళ్ళూ దాచిందల్లా ఈ తొక్కులే." పెద్దమ్మ పై అర వెనక నుంచి పాత మైదా కవరు తీసి బల్ల మీద పెట్టింది. నిండా నారింజ తొక్కులు. పక్కనే ఇంకా విప్పని కొత్త మైదా ప్యాకెట్ ఉంది.

కోడలు కోపంగా చూడబోయి, ఆగింది. అదే బొమ్మ, అదే రంగు, అదే ఎత్తు. కానీ పాతది బొద్దుగా ఉంది. కొత్తది పక్కకి తిప్పితే బక్కచిక్కి ఉంది. కోడలు తొక్కులు పళ్ళెంలో పోసి, కొత్త ప్యాకెట్ పిండి మొత్తం పాత కవర్లోకి ఒంపింది. పైన ఇంకా నాలుగు వేళ్ళ ఖాళీ. కవర్ల మీది తూకం పైకి చదివింది. పాతది కిలో, కొత్తది ఎనిమిది వందల యాభై గ్రాములు. ధర మాత్రం రెండిటి మీదా ఒకటే. వెన్న కవరు తిప్పి చూసింది. అరకిలో అనుకున్నది నాలుగు వందలే. చక్కెరదీ అదే కథ.

"ధర పెంచి ఉంటే కొట్టువాడితో దెబ్బలాడి ఉందును గదే! ధర అలాగే ఉంచి లోపల గీకేశారు, దొంగ సచ్చినోళ్ళు!" అంది పెద్దమ్మ.

"మరి గుడ్లు?"

"గుడ్లు ఇరవై అంటే ఇరవయ్యే. కోడికి ఇంకా ఈ తెలివి రాలేదు."

ఇద్దరూ పకపకా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే పెద్దమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. కోడలు కంగారుపడి పక్కన కూలబడింది.

"మా అమ్మలా అయిపోతున్నాననుకున్నానే. నిన్నూ, వాణ్ణీ ఎవరని అడుగుతానేమో అని... ఆ భయంతో చచ్చిపోతున్నాను."

కోడలు ఆవిడ వీపు నిమిరింది. "మరి మోకాళ్ళు?" అంది.

"మోకాళ్ళకేం, గుండ్రాళ్ళలా ఉన్నాయి."

"ఆ మందు సగం అయిపోయిందిగా!"

"ఈ వంటింటి తలుపు బందులకి రాశాను. కిర్రుమనడం మానేసింది." పెద్దమ్మ ముక్కు తుడుచుకుంది. "వాడికి మాత్రం చెప్పకే. మా అమ్మ సంగతి వాడికి తెలుసు. తెలిస్తే రోజూ నా మొహంలోకి చూస్తూ కూర్చుంటాడు."

మళ్ళీ కలిపారు. కోడలు త్రాసు కొందామంది. పెద్దమ్మ ససేమిరా అంది. పాత కవరు ఉండగా త్రాసెందుకని, దాని మడత దాకా మైదా నింపి పోసింది. వెన్న మూడో ప్యాకెట్ విప్పి కోసింది. చక్కెర మరో నాలుగు గుప్పిళ్ళు వేసింది. ఈసారి ఆవిడ చెయ్యే కలిపింది.

కేకు ఓవెన్‌లో పొంగుతుండగా గుమ్మం ముందు వ్యాను ఆగింది. కోడలు చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది.

"ఏమీ అనుకోకండి, ఓవెన్ అమ్మడం లేదండీ."

"అదేంటమ్మా, బేరం కుదిరాక?" అన్నాడు వ్యాను దిగినతను. కొడుకు కూడా గదిలోంచి వచ్చి తెల్లబోయి చూశాడు.

"అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు తగ్గిపోయాయండీ." కోడలు మొగుడి వైపు తిరిగింది. "మీరు తెచ్చిన మందు భలే పనిచేసింది."

కొడుకు మొహం ఇంత వెడల్పయింది. అతని వెనక వంటింటి తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. పెద్దమ్మ చకచకా నడుచుకుంటూ వచ్చి, "కేకు దించుతున్నా, వచ్చినతన్ని కూర్చోమనండి" అంది.