నా మొక్కు, ఆయన విస్తరి

మా పల్నాడులో ఒకరి తరఫున ఇంకొకరు మొక్కుకోవడం కొత్తేమీ కాదు. తల్లి మొక్కుతుంది, పిల్లాడికి గుండు కొడతారు. వాణ్ణి ఎవరూ అడగరు. నేనూ అదే పద్ధతిలో మొక్కాను. కాకపోతే నేను మొక్కింది చంటిపిల్లాడి మీద కాదు, అరవై దాటిన మా ఆయన నాగభూషణరావు మీద.

పోయినేడు మిరపకోతలప్పుడు ఆయనకి గుండెపోటు వచ్చింది. కల్లంలో కాయలు కలియదిప్పుతూ అక్కడే కూలబడ్డాడు. కార్లో గుంటూరు తీసుకెళ్లాం. లోపల స్టెంట్ వేస్తున్నారు. బయట కుర్చీలో నేను, నా పక్కన మా కోడలు నీరజ. ఇద్దరం తలుపు వంకే చూస్తున్నాం. అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది.

"కోటయ్య తండ్రీ, ఈయన్ని బతికించి ఇంటికి పంపు. వచ్చే శివరాత్రికి కొండెక్కి నీ ఎదట నిలబడేదాకా ఈయన నీచు ముట్టడు."

మా వైపు నీచంటే మాంసం, కోడి, చేప, గుడ్డు అన్నీ వస్తాయి. మా ఆయనకి వేటమాంసం, అదే మేకమాంసం, లేకపోతే అది ఆదివారమే కాదు. ఆకుకూరలు గొడ్లకి, కూరగాయలు జబ్బు చేసినవాళ్లకి అన్నది ఆయన సిద్ధాంతం. అలాంటి మనిషి నోటికి నేను తాళం వేసి, తాళంచెవి తీసుకెళ్లి కోటప్పకొండ మీద పెట్టాను.

ఇంటికొచ్చాక సంగతి చెబితే మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆయన నాకు మేనత్త కొడుకు. బావా అనే పిలుస్తాను, నువ్వనే అంటాను, మా పోట్లాటలకి మర్యాదలు అడ్డం రావు.

"నన్నడక్కుండా నా నోటి మీద ఎట్టా మొక్కావే?"

"నువ్వు చెప్పే స్థితిలో ఉంటే అడిగేదాన్నే."

"నీ నోరు కట్టుకోవచ్చు గదా. నాదెందుకు కట్టావు?"

"నా గుండె బాగానే ఉంది బావా."

నాలుగు రోజులు అలిగాడు. ఆ తర్వాత వకీలులాగా ఓ ప్రశ్న తీసుకొచ్చాడు. "మొక్కు ఇంటికా, మనిషికా?" చేలో వండించుకు తినొచ్చా అని దాని తాత్పర్యం. "మనిషికే" అన్నాను. చేలో వంట ఆలోచన అక్కడితో మానేశాడు. మావాళ్లు కోర్టులో ప్రమాణం చేసి అబద్ధం ఆడతారేమోగానీ, కోటయ్యకిచ్చిన మాట తప్పరు. ఆ ధైర్యంతోనే గదా నేను మొక్కింది.

ఇక మిగిలింది వంట. మొదటి వారం ఏం పెట్టినా "గడ్డి" అన్నాడు. నాకు పంతం వచ్చింది. గోంగూర పప్పులో పచ్చిమిరపకాయలు చితక్కొట్టి వేశాను. జొన్నరొట్టెలోకి చిక్కుడుకాయ కూర, కొర్రన్నంలోకి ఉలవచారు, ఉత్తన్నంలోకి కందిపచ్చడి. మునగాకు వేయించి పొడి కొట్టాను. డాక్టరు తగ్గించమన్న నూనె, ఉప్పు తగ్గించాను. కారం సంగతి డాక్టరు ఎత్తలేదు, నేనూ అడగలేదు. మిరప పండించే ఇంట్లో ఆ ఒక్కటీ తీసేస్తే ఆయన నిజంగానే పోయేవాడు.

ఓ రోజు తింటూ తింటూ అడిగాడు. "ఈ చిక్కుడుకాయలు ఎక్కడియ్యే?"

"సంతలోయి."

"మనకి అంత పొలం ఉండి సంతలో కొనేదేంది?"

నలభై ఏళ్ల కాపురంలో ఆయన కంచంలో ఉన్నది ఎక్కడిదని అడగడం అదే మొదలు. తొలకరి పడగానే మిరపచేను అంచున కొన్ని సాళ్లు విడిగా వదిలాడు. చిక్కుడు, గోంగూర, బెండ, దోస వేశాడు. ఆ సాళ్ల మీద చుక్క మందు పడనివ్వలేదు. కాపు మొదలయ్యాక సంచీ భుజాన వేసుకొని, పెళ్లికొడుకు నడిచొచ్చినట్టు బజారుమీదుగా ఇంటికొచ్చేవాడు. అన్నం ముందు కూర్చుంటే ఒకసారి కోటప్పకొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకొని మొదటి ముద్ద తీసుకునేవాడు. నాకేమీ చెప్పేవాడు కాదు. ఆ దణ్ణంలో నాకూ కాస్త వాటా ఉందని నేనే అనుకునేదాన్ని.

మాచర్లలో పెళ్లికెళితే బిరియానీ బంతిలో కూర్చొని పెరుగన్నం తిన్నాడు. నవ్వినవాళ్లతో, "మా ఆవిడ నన్ను కోటయ్యకి రాసిచ్చిందిలే" అన్నాడు. దసరా తర్వాత నీరజ ఆయన్ని గుంటూరు పరీక్షలకి తీసుకెళ్లింది. రిపోర్టులు చూసి డాక్టరు ఏం తింటున్నారని అడిగాడట. మా కోడలు చెప్పబోతుంటే ఆపి, ఈయనే గోంగూర దగ్గర్నుంచి కొర్రల దాకా అన్నీ ఏకరువు పెట్టాడట. "ఇలాగే ఉండండి, ఇంకే మందూ దీనికి సాటిరాదు" అన్నాడట డాక్టరు. ఆ మాట నీరజ చెబుతుంటే నాకు కడుపు నిండిపోయింది. ఆ వెంటనే గుండెలో రాయి పడింది.

శివరాత్రి వచ్చేస్తోంది. ఆ రోజుతో మొక్కు తీరిపోతుంది. ఆ తర్వాత ఆయన నోటికి అడ్డేముంది?

"ఇంకో ఏడాదికి మొక్కేయండి అత్తయ్యా" అంది నీరజ.

ఆ మాట ఆయన చెవిన పడింది. "ఏమే, మళ్లీ నా పేరున మొక్కావంటే తీర్చను. ఆ పాపం నీకే తగులుద్ది" అన్నాడు. నవ్వుతూ అనలేదు. తీర్చని మొక్కు ఇంటి మీద ఉండటమంటే నాకెంత భయమో ఆయనకి తెలుసు. అలా నా చేతిలో ఉన్న ఒక్క ఆయుధమూ లాక్కున్నాడు.

దానికి తోడు ఈ ఏడు ప్రభ అన్నం మా వంతు. శివరాత్రికి మా ఊరివాళ్లు వెదుళ్లతో ఎత్తైన ప్రభ కట్టి, రంగు లైట్లు పెట్టి కోటప్పకొండకి తీసుకెళతారు. శివరాత్రి మర్నాడు ప్రభ తిరిగొచ్చాక, కట్టినవాళ్లకీ మోసినవాళ్లకీ ఒక ఇంటివాళ్లు వేటమాంసంతో భోజనం పెట్టాలి. అది మా ఊరి ఆచారం. వేటల్ని ఆయనే బేరమాడి తెచ్చి కొట్టంలో కట్టేశాడు. ఊరికి పెట్టే అన్నం దగ్గర నా పంతాలేమిటి?

శివరాత్రినాడు కొండెక్కాం. నీరజ కారులో పైకి వెళదామంది. ఆయన వినలేదు, మెట్లదారే పట్టాడు. పోయినేడు కల్లంలో కూలబడిన మనిషి, ఎక్కడా రొప్పకుండా నాకంటే ముందు ఎక్కుతున్నాడు. వెనక నుంచి ఆ వీపు చూస్తూ ఎక్కాను. ఆ పిక్కల్లో బలం నేను వండిపెట్టిందే అనిపించి, గర్వంతో నా అలుపు కూడా నాకు తెలియలేదు.

స్వామి ఎదట నిలబడ్డాం. ఇంకొక్క ఏడాది, తండ్రీ. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెదవులు విడివడ్డాయి కూడా. కానీ బతికించమని అడిగాను, బతికించాడు. మొక్కు తీర్చమన్నాను, ఈయన తీర్చాడు. ఇద్దరూ నా మాట నిలబెట్టాక మళ్లీ ఏ మొహంతో ఆయన నోటికి తాళం వేయను? "ఇచ్చావు తండ్రీ, సంతోషం" అని మాత్రం అనుకొని పక్కకి తప్పుకున్నాను.

మర్నాడు మా వాకిట్లో షామియానా కింద బంతులు సాగాయి. వేటమాంసం వంటవాళ్లు వండారు. పప్పు, చిక్కుడుకాయ కూర, ఉలవచారు నేను వండాను. ఎవరి కోసం వండుతున్నానో నన్నెవరూ అడగలేదు. మొదటి బంతిలో మా ఆయన ఊరివాళ్ల మధ్యన కూర్చున్నాడు. మాంసం బకెట్టు పట్టుకున్నది మా తమ్ముడు గోపాలరావు. నేను గుంజ పక్కన గిన్నెల దగ్గర నిలబడి, ఆ బకెట్టు ఒక్కో విస్తరి దాటి ఆయన వైపు రావడం చూస్తున్నాను.

"బావా, నీ కోసం మెత్తటి ముక్కలు ఏరి పెట్టా" అన్నాడు మా తమ్ముడు.

ఆయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "పప్పు రానీరా."

"మొక్కు నిన్నటితో తీరింది గదా."

"తీరింది."

"మరింకేంది? మా అక్కంటే భయమా?"

బంతి మొత్తం నవ్వింది. పల్నాడులో మగాణ్ణి అనకూడని మాట అది. ఆయన నవ్వులు ఆగేదాకా ఆగి, తలెత్తాడు.

"మీ అక్క మొక్కు తీరింది. నిన్న స్వామి ఎదట మళ్లీ మొక్కుద్దేమోనని ఓరకంట చూస్తానే ఉన్నా. మొక్కి ఉంటే ఇయ్యాల నీ బకెట్టు ఖాళీ చేసేవాణ్ణి. నోటిదాకా వచ్చిన మాట మింగేసిందిరా. ఏడాది పాటు నాకు వండిపెట్టి, నన్ను మనిషిని చేసి, ఆ ఒక్కటీ అడక్కుండా పక్కకెళ్లి నిలబడింది. అడిగితే కాదనేవాణ్ణి. అడగలా. అందుకని నేనే మొక్కుకున్నా. ఎన్నాళ్లని అడగమాక, గడువు పెట్టలా."

గోపాలరావు బకెట్టు తీసుకొని పక్క విస్తరికి వెళ్లాడు.

మా ఊళ్లో మగవాళ్ల బంతిలో ఆడవాళ్లు వడ్డించరు. నేను కొంగు బిగించి, పప్పు గిన్నె ఎత్తుకొని, ఆ చివర నుంచి ఈ చివరిదాకా విస్తళ్ల మధ్యనే నడిచాను. కళ్లలో నీళ్లున్నాయి, తుడుచుకోలేదు. చూసినవాళ్లు చూడనీ. ఆయన ముందు వంగి నిండుగా గరిటె వడ్డించాను. ఆయన చాలనలేదు, ఇంకో గరిటె వేశాను.

"ఏందక్కా, తిరునాళ్లలో ప్రభ వెనక నడిచినట్టు నడుస్తన్నావు?" అన్నాడు మా తమ్ముడు.

"నా మొగుడికి వడ్డిస్తన్నారా," అన్నాను. "ఇట్టాగే నడుస్తా."