తోట లోపలి నీడ

చాట్రాయి దగ్గర సుప్రజకు పుట్టింటివాళ్ళిచ్చిన నాలుగెకరాల మామిడితోట ఉండేది. అన్నీ చిన్నరసాలే, గట్టు వెంట మాత్రం కొన్ని బంగినపల్లి చెట్లు. నాలుగేళ్ళుగా నల్ల తామర పురుగు పూతను పట్టుకుని వదల్లేదు. ఎన్నిసార్లు మందు కొట్టినా పిందె నిలవలేదు. కిందటి జూన్‌లో ఒకరోజు ఆమె మందు డ్రమ్ములు కడిగించి వచ్చి మెట్ల మీద కూలబడింది. భర్త రవిచంద్ర పక్కన నిలబడి, "తోట సంగతి ఏం చేద్దాం, ఉంచుదామా?" అని అడిగాడు.

"కొట్టించెయ్యండి. ఇక నావల్ల కాదు," అంది.

వారంలో చెట్లన్నీ నేలకూలాయి. వాటి చోట పామాయిల్ మొక్కలు వచ్చాయి.

ఆ తర్వాత ఆమెకు ఏ పని మీదా మనసు నిలవలేదు. పొద్దున లేచేసరికే ఒళ్ళు బరువుగా ఉండేది. నూజివీడులో షాలోమి అనే డ్రాయింగ్ టీచర్ ఆదివారాలు తన మేడ మీద పెద్దవాళ్ళకు ఆయిల్ పెయింటింగ్ నేర్పుతోందని ఎవరో చెప్పారు. ఫోన్‌లో మిగిలిన తోట ఫొటో ఒకటి ప్రింటు తీయించుకుని, నవంబరులో సుప్రజ వెళ్ళి చేరింది. యాభై రెండేళ్ళకు బ్రష్ పట్టుకోవడం అదే మొదలు.

"ముందు టర్పెంటైన్‌తో పల్చగా వెయ్యండి సుప్రజ గారూ. అది ఆరాకే చిక్కటి రంగు. ఆయిల్‌కి తొందర పనికిరాదు," అని షాలోమి మొదటిరోజే చెప్పింది. తొందర ఎలాగూ లేదు. రంగు ఆరేదాకా వారం రోజులు ఊరికే ఉండొచ్చు. అది ఆమెకు నచ్చింది.

మూడు నెలలు గడిచినా బొమ్మ కుదరలేదు. ఫొటోలో ఉన్నది ఉన్నట్టే దించింది. అయినా చెట్లు పచ్చటి ముద్దల్లా, వాటి కింద నీడ నల్లటి గొయ్యిలా కనపడేది.

"నీడ ఇంత నల్లగా ఎందుకేశారండీ?" అంది షాలోమి.

"ఫొటోలో నల్లగానే ఉంది కదా మేడం."

"కెమెరాకి అంతే తెలుసండీ. ఎండ బాగా రావాలంటే నీడ మసైపోతుంది. ఒకసారి తోటకెళ్ళి, చెట్టు కింద పది నిమిషాలు కూర్చుని చూసి రండి."

సుప్రజ తల వంచుకుని బ్రష్ తుడుచుకుంది. తోట లేదని చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

కాన్వాసును ఇంటికి తెచ్చి వరండాలో గోడకు ఆనించింది. రెండు రోజుల తర్వాత వీరయ్య వచ్చాడు. ఆ తోటలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఇప్పుడు జనార్దనవరం వైపు వేరేవాళ్ళ తోటకు కాపలా ఉంటున్నాడు. కాయలు కోసే పాత చిక్కాలు పట్టుకుపొమ్మని ఆమే కబురు పెట్టింది. చిక్కాలు భుజాన వేసుకుని వెళ్ళబోతూ బొమ్మ ముందు ఆగాడు.

"ఇది మన తోటేనాండీ అమ్మగారూ?"

"కాదనిపిస్తోందా?"

"మనదేనండి. గేటు కాడ నిలబడి చూసినట్టుంది. మేమెప్పుడూ అట్నుంచి చూళ్ళేదు. లోపలే ఉండేవాళ్ళం కదండీ."

సుప్రజ టీ తెచ్చి ఇచ్చింది. అతను మెట్టు మీద కూర్చున్నాడు.

"లోపల ఎట్టా ఉండేది వీరయ్యా?"

"ఏముంటదండీ, చెట్లే కదా," అని టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు. "చీకటి మాత్రం కాదండి. మిట్టమధ్యాన్నం బయట ఎర్రమట్టి మీద ఎండ పడి, ఆ ఎరుపు ఎగదన్ని ఆకుల అడుగున తగిలేది. కింద పడుకుని పైకి చూస్తే ఆకులు పచ్చగా ఉండేవి కాదు. రాగిచెంబులోకి తొంగిచూసినట్టుండేది."

ఆ తోట ఇరవై ఎనిమిదేళ్ళు సుప్రజది. ఒక్కసారీ ఆ చెట్ల కింద పడుకోలేదు.

"వీరయ్యా, తోట కొట్టించమన్నది ఆయన కాదు. నేనే."

"తెలుసండి. చెట్లు కొట్టేవాళ్ళు వచ్చిన రోజు అయ్యగారే చెప్పారు." గ్లాసు కింద పెట్టాడు. "ముందురోజు నాకో మాట చెప్పుంటే, వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చేవాణ్ణి. అంతేనండి."

"తప్పయిపోయింది," అందామె.

పర్లేదని అతను అనలేదు. కాసేపటికి, "పురుగు మాత్రం నిజమేనండి. మందు కొట్టి కొట్టి నేనూ అలిసిపోయాను," అన్నాడు. చిక్కాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు సుప్రజ కత్తితో నలుపంతా గీకేసింది. ఫొటోను పక్కన పెట్టేసి, ఆ చోట ఎర్రమట్టి రంగు పల్చగా పూసింది. అది ఆరాక దాని మీద ఆకుపచ్చ వేస్తే, ఎరుపు అక్కడక్కడా పైకి కనపడింది. మొదళ్ళు లావుగా వచ్చాయి, ఒక కొమ్మ ఎటూ కాకుండా పోయింది. షాలోమి ఆ తప్పులన్నీ చూపించింది. నీడ దగ్గర మాత్రం ఆగి, "ఇది మార్చకండి," అంది.

మార్చిలో మళ్ళీ ఇటువైపు వచ్చినప్పుడు వీరయ్య ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. "ఇప్పుడు దగ్గరికొచ్చిందండి," అన్నాడు. సంతోషపడినట్టు కనపడలేదు. ఆమె కూడా సంతోషపడలేదు. వెళ్తూ వెళ్తూ, "మా తోటలో ఈ ఏడు పిందె కాస్త నిలిచింది. ఓపికుంటే రండి, చూద్దురుగాని," అన్నాడు.

రెండు రోజుల తర్వాత రంగుల పెట్టె పట్టుకుని వెళ్ళింది. వీరయ్య ఒక చెట్టు కింద గోనెపట్టా పరిచి, తన పని మీద తను వెళ్ళాడు. సుప్రజ పెట్టె తెరవలేదు. చెప్పులు విడిచి పట్టా మీద వెల్లకిలా పడుకుంది. కాసేపు ఆకుల్ని చూసింది. తర్వాత కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి.