పదకొండు ఊఁలు

కొత్త వస్తువు మీద అంటించి ఇచ్చే ప్లాస్టిక్ పొర పీకాలంటే నాకు ప్రాణం ఒప్పదు. మా ఇంట్లో రిమోట్‌కీ, ఫ్రిజ్ పిడికీ, చివరికి గోడ గడియారానికీ ఆ పొర అలాగే ఉంటుంది. నేను కొన్నది గడియారాన్నా, దాని తొడుగునా అని మా ఆయన ముప్ఫయ్యేళ్లుగా ఆటపట్టిస్తూనే ఉన్నారు. ఆ గొంతునే గురువారం తీసేయబోతున్నారు.

ఆయన బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ఇరవై ఆరేళ్లు మైకులో చెప్పారు. గొంతులో పుండు ముదిరింది. స్వరపేటిక మొత్తం తీసేయక తప్పదని డాక్టర్లు తేల్చేశారు. ఆసుపత్రిలో మాటలు నేర్పే మేడమ్ ఒక దారి చూపించింది. ముందే ఆయన గొంతు రికార్డు చేసి ఇస్తే దాన్ని పలకలాంటి చిన్న యంత్రంలో పెడతారట. వేలితో నొక్కితే ఆయన గొంతే పలుకుతుందట. రెండు నెలలపాటు రోజూ పొద్దున్నే కూర్చుని ఆవిడ ఇచ్చిన వాక్యాలన్నీ చదివారు. చదివేకొద్దీ గొంతు బొంగురుపోయింది. మళ్లీ చదవమంటే ఇక చదవలేరు.

చివరి వారం ఆయన ఊఁలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండింది. మిగిలిన ఆ కాస్త గొంతూ ఊఁ కొట్టడానికి తగలేస్తారా అని కోప్పడ్డాను.

"నువ్వు మాట్లాడేది వంటింట్లో, గోడవైపు తిరిగి," అన్నారు ఆయన. "నేను తలూపితే నీకేం కనబడుతుందే?"

నలభై రకాల ఊఁలు రికార్డు చేసి ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకున్నారు. సరేలే. నిజమా. ఇక ఆపు. తర్వాతేమైంది. తెలుసులే.

ఇవన్నీ ఆయన సొంతంగా కట్టుకున్న కంప్యూటర్లో ఉన్నాయి. ఒక్కో భాగం ఒక్కో చోట కొని తెచ్చి, గది మధ్యలో దుప్పటి పరిచి బిగించిన కంప్యూటర్ అది. రికార్డింగులకోసమే ఈమధ్య కొత్త డిస్కు కూడా పెట్టారు. ఏ రోజు చదివింది ఆ రోజు అందులోకి ఎక్కించి, రికార్డర్ ఖాళీ చేసేవారు. అంటే ఆ గొంతు ప్రపంచం మొత్తం మీద ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు.

సోమవారం ఆసుపత్రికి ఇవ్వడానికి వేరే డిస్కులోకి కాపీ పెట్టాం. ఏడు నిమిషాలు బాగానే నడిచి, తెర నల్లబడి, కంప్యూటర్ పడిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ ఏడో నిమిషానికే పడిపోయింది. ఆయన కేబుల్ మార్చారు. మెమరీ ముక్కలు ఒక్కొక్కటే తీసి చూశారు. మా మరిది ఇంట్లోంచి పవర్ సప్లై పెట్టె ఊడదీసి తెప్పించి తగిలించారు. చేసిన ప్రతి పనీ నోటుబుక్కులో రాసుకున్నారు. కారణం అన్న గడి మాత్రం ఖాళీగానే ఉంది. వేడి లాగడానికి డిస్కు మీద బిగించిన లోహపు పలకను తాకి, చల్లగానే ఉంది కాబట్టి వేడి సమస్య కాదని కూడా తేల్చేశారు. పడిపోయిన ప్రతిసారీ లోపలి ఫైళ్లు కొన్ని చెడిపోవచ్చని, ఎక్కువసార్లు ప్రయత్నించొద్దని రిపేరు షాపతను ఫోన్లో హెచ్చరించాడు. మేడమ్ బుధవారం సాయంత్రం దాకా గడువిచ్చింది.

బుధవారం పొద్దున రక్త పరీక్షలకు మరిది ఆయన్ని తీసుకెళ్లాడు. కంప్యూటర్ ముట్టుకోవద్దని ఆయన చెప్పి మరీ వెళ్లారు. చెప్పిన మాట వింటే నేను నేనెందుకవుతాను? పక్క మూత తీసి, కాపీ పెట్టి, ఆ లోహపు పలక మీద వేలు ఆనించి కూర్చున్నాను. నిజంగానే చల్లగా ఉంది. ఏడో నిమిషానికి తెర నల్లబడింది. అప్పుడు కూడా చల్లగానే ఉంది. నాకు కంప్యూటర్లు తెలియవు గానీ పొయ్యి తెలుసు. వేడి లాగడానికే పెట్టిన పలక అసలు వేడెక్కడం లేదంటే, మధ్యలో ఏదో అడ్డముందన్నమాట.

స్క్రూ విప్పాను. పలక అడుగున, డిస్కుకు ఆనే మెత్తటి పట్టీ మీద నీలం రంగు ప్లాస్టిక్ పొర నున్నగా మెరుస్తూ ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. కొత్త డిస్కు బిగించిన రోజున ఆయన కింద పడ్డ స్క్రూ కోసం వెతుక్కుంటూ, అడుగున ఉన్న పొర పీకి పలక ఇవ్వమన్నారు. అడుగున ఎవరు చూస్తారు, కొత్తది కొత్తగా ఉంటుందిలే అనుకున్నాను. పీకావా అని అడిగితే ఆఁ అన్నాను.

ఇప్పుడు ఆ పొర పీకేశాను. మళ్లీ బిగించి కాపీ పెట్టాను. పలక నా వేలి కింద నెమ్మదిగా వేడెక్కింది. ఏడో నిమిషం దాటింది. ఇరవయ్యో నిమిషానికి కాపీ పూర్తయింది. వాక్యాలన్నీ వచ్చాయి. ఊఁలు మాత్రం నలభైలో పదకొండే తెరుచుకున్నాయి. మిగతావి ఆ పడిపోవడాల్లో ఎప్పుడో చెడిపోయాయి. ఆఖరిసారి పడగొట్టింది నేనే. కుర్చీలో కూలబడి ఏడ్చాను.

ఆయన వచ్చాక స్క్రూ వదులైందని, బిగిస్తే సరిపోయిందని చెప్పాను. నోట్లో నువ్వుగింజ నానని నేను ఆ ఒక్క మాట దాచాను. పొరను బొత్తాల డబ్బాలో పడేశాను. ఆయన పదకొండు పేర్లూ ఒకటికి రెండుసార్లు చూసుకుని, పోనీలే, ఉన్నవి చాలు అన్నారు. నోటుబుక్కు తీసి కారణం గడిలో "స్క్రూ వదులు" అని రాశారు. ఆ గుండ్రటి అక్షరాలు చూడలేక లేచి వెళ్లిపోయాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. మెడ ముందు ఊపిరికోసం పెట్టిన చిన్న రంధ్రంతో, మెడ చుట్టూ తెల్లటి గుడ్డతో మూడు వారాలకు ఇల్లు చేరారు. ఆ మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర కొత్త యంత్రం ముందు పెట్టుకుని కూర్చున్నారు. దాని ముఖాన కూడా పొర ఉంది. నేను అంచు గిల్లి సర్రున లాగేశాను. ఆయన కనుబొమలు ఎగరేశారు.

పొయ్యి వైపు తిరిగాను. ఎదురుగా చెప్పే ధైర్యం నాకు లేదు.

"స్క్రూ కాదండీ," అన్నాను. "ఆ పలక అడుగు పొర నేను పీకలేదు. పీకానని అబద్ధం చెప్పాను. మీ ఇరవై తొమ్మిది ఊఁలు నేనే పోగొట్టాను."

వెనక ఆయన తలూపుతున్నారో, తల దించుకున్నారో. తిరిగి చూడాలంటే భయమేసింది. పాలు పొంగుకు వచ్చాయి. మంట తగ్గించాను.

"ఊఁ."

ఆయన గొంతే. బొంగురుది, కాస్త సాగదీసింది. పదకొండూ నాకు కంఠతా వచ్చు. అది "తెలుసులే". తన చొక్కా బొత్తాలు తనే కుట్టుకునే మనిషికి తెలియకూడదని పొరను బొత్తాల డబ్బాలో దాచిన తెలివి నాది.

కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. యంత్రం మళ్లీ పలికింది. ఈసారి "తర్వాతేమైంది".

గోడవైపే నిలబడి, ఆ రోజు పొద్దున ఆయన లేనప్పుడు జరిగిందంతా మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.