గుట్ట మీది జారుడుబండ

ఆ ఏడు, 1969లో, వేసవి దాటినా కాలేజీలు తెరవలేదు. తెలంగాణ ఉద్యమం జోరుమీదుంది. బందు లేని రోజున ఊరేగింపు, అదీ లేకపోతే కర్ఫ్యూ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటిపట్టున కూర్చుని రెబెక్కకు కాళ్లు పట్టేసినట్టుంది. కాలేజీ మైదానంలో పరుగుపందెం ఏదైనా ముందుండే పిల్ల. అందుకే డ్రిల్లు మాస్టారు బాలకృష్ణ శనివారంనాడు పందెం పెడుతున్నారని వినగానే వెళ్లి పేరిచ్చింది. కర్మన్‌ఘాట్ గుడి దగ్గర మొదలుపెట్టి, గుట్టెక్కి దిగి, మన్సూరాబాద్ మోటబావి చేరాలి.

"ఆడపిల్లలు రావొచ్చా సార్?"

"కాళ్లున్నోళ్లందరు రావొచ్చు" అన్నారాయన.

తండ్రి దానియేలు దవాఖానలో స్ట్రెచర్లు మోసే ఉద్యోగి. "రాళ్లల్ల ఉరుకుడేంది బిడ్డా? కాలిరిగితే నిన్ను మోసేది నేనే గద" అన్నాడు. కానీ ఆపలేదు. తానూ వస్తానన్నాడు.

పక్క వాటాలో గుంటూరు నుంచి వచ్చిన గుమాస్తా భానుమూర్తి కుటుంబం ఉంటోంది. గొడవలు మొదలయ్యాక ఆయన కూతురు హనుమాయమ్మను గేటు దాటనివ్వడం లేదు. రెబెక్క గోడ మీదుగా ఆమెను పిలిచింది.

"పందానికి ఒస్తవా?"

"నాకు పరిగెత్తడం రాదే. నడవడమే అంతంత మాత్రం."

"అయితే నడువు. ఇంట్ల కూసొని ఏం చేస్తవ్?"

దానియేలు తోడుంటాడని తెలిశాక భానుమూర్తి ఒప్పుకున్నాడు. "అక్కడ ఎక్కువ మాట్లాడకమ్మా. మన మాట వింటే ఎవరేమంటారో" అని మాత్రం హెచ్చరించాడు.

శనివారం పొద్దున గుడి ముందు పాతిక మంది దాకా కుర్రాళ్లు, వీళ్లిద్దరూ నిలబడ్డారు. దానియేలు పందెం ముగిసే చోటుకి ముందే వెళ్లిపోయాడు. ఈల మోగగానే రెబెక్క దూసుకుపోయింది. చదును నేల మీద ఆమెకంటే ముందున్నది జంగయ్య ఒక్కడే. కర్మన్‌ఘాట్‌లో తరతరాలుగా ఉంటున్న రైతు ఇంటి పిల్లవాడు.

గుట్ట మొదలయ్యేసరికి ఆమె పరుగు పాడైంది. గులకరాళ్లు కాళ్లకింద జారిపోతున్నాయి. బూటు ముక్కు రాళ్లకు తగులుతోంది. ముళ్లకంప ఓణీ పట్టి గుంజుతోంది. ఒకరి తరవాత ఒకరు కుర్రాళ్లు ఆమెను దాటిపోయారు. రెబెక్కకు ఏడుపొచ్చినంత పనైంది. ఇక మైదానంలో పరిగెత్తినట్టు తలెత్తి పరిగెత్తడం మానేసి, కాలు ఎక్కడ పడుతోందో చూసుకోసాగింది. నిటారుగా ఉన్న చోట చేతులు కూడా వాడింది. రాయి నుంచి రాయికి దాటుతుంటే కాళ్లు తమంతట తామే దారి వెతుక్కుంటున్నట్టు అనిపించింది. అది ఆమెకు చాలా బాగుంది.

పైకెక్కగానే గాలి మొహానికి కొట్టింది. దూరంగా సరూర్‌నగర్ చెరువు మెరుస్తోంది. కారణమేమీ లేకుండానే నవ్వుకుంది.

అవతల దిగేచోట పెద్ద నున్నబండ. దాన్ని తప్పించుకుని కుర్రాళ్లు ముళ్లపొదల మధ్య చుట్టు తిరిగి దిగుతున్నారు. రెబెక్క బండ అంచున తటపటాయిస్తుండగా వెనక నుంచి రొప్పుతూ హనుమాయమ్మ వచ్చింది. అందరికంటే చివర.

"ఇట్టా దిగాలా?"

"కాదు, అటు చుట్టు తిరిగి పోవాలె. బండ మీద కాలు పెడితే జారుతవ్."

"జారితే మంచిదేగా. మా కాలవ గట్టున రోజూ జారేవాళ్లం" అంటూ హనుమాయమ్మ పరికిణీ దగ్గరకు చుట్టుకుని కూర్చుంది. మరుక్షణం "తప్పుకోండయ్యో, వస్తున్నా" అని గుట్టంతా వినపడేలా అరుస్తూ కిందికి జారిపోయింది. పొదల్లో కుర్రాళ్లు నోళ్లు తెరిచి చూశారు.

రెబెక్క కూడా కూర్చుంది. కళ్లు మూసుకుని చేతుల పట్టు వదిలేసింది. కళ్లు తెరిచేసరికి కింద గడ్డిలో ఉంది. లేచి ఒకటే పరుగు. చదునులో ఇద్దరిని దాటి, జంగయ్య తరవాత రెండోదిగా బావి చేరింది. హనుమాయమ్మ నడుస్తూనే ఏడోదిగా వచ్చింది.

"గది ఉరుకుడు కాదు సార్, జారుడు" అని ఒకతను ఫిర్యాదు చేశాడు.

"గుట్ట దిగి రమ్మన్న. ఎట్ల దిగాల్నో చెప్పలే" అన్నారు బాలకృష్ణ.

జంగయ్య హనుమాయమ్మను చూసి, "గట్ల జారుడు ఏడ నేర్చినవ్?" అని అడిగాడు.

ఆమె దానియేలు వైపు చూసింది. ఆయన తలూపాడు. "గుంటూరులో అండీ" అంది మెల్లగా.

జంగయ్య ఒకసారి వెనక్కి తిరిగి గుట్ట వైపు చూశాడు.

"ఆడ గుట్టలున్నయా?"

"లేవు. కాలవ గట్లే."

"గట్ల మీదనే గింత నేర్చినవా? జర మాకు గూడ చూపెట్టు" అన్నాడు జంగయ్య. అందరూ నవ్వారు. హనుమాయమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది.

పందెం అయిపోయినా ఎవరూ ఇళ్లకు పోలేదు. అందరూ మళ్లీ గుట్టెక్కారు. ఎట్లా కూర్చోవాలో, కాళ్లతో ఎట్లా ఆపుకోవాలో హనుమాయమ్మ గొంతెత్తి చెబుతుంటే కుర్రాళ్లు వరసలో నిలబడి విన్నారు. రెబెక్క నాలుగోసారి జారి గడ్డిలో వెల్లకిలా పడి పైకి చూసింది. బండ అంచున తండ్రి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని కూర్చుంటున్నాడు.

"కింద జరుగుర్రి, నేనొస్తున్న" అన్నాడు దానియేలు.