ముందురోజు వినపడ్డ తుపాకి

పొద్దున్నే బర్రె పాలు పితికి, క్యాను గేటు దగ్గర పెట్టేసి, హైమావతి మొక్కజొన్న చేలోకి వెళ్తుంది. నీళ్ళు పెట్టడానికి కాదు, రాత్రి ఏం పోయిందో చూసుకోవడానికి. అడివిపందులు ఏ మూల నుంచి దిగాయి, ఎన్ని సాళ్ళు పడుకోబెట్టాయి అని గట్టు వెంబడి చూసుకుంటూ పోతుంది. ఆ బుధవారం ఏడు సాళ్ళు నేలపాలయ్యాయి. కంకులు అప్పుడప్పుడే పాలుపోసుకుంటున్నాయి. ఆ సంగతి ఆమెకన్నా ముందు పందులకు తెలిసింది.

మాచర్ల దాటి, అడివి మొదలయ్యే చోట ఉంటుంది కోనపాలెం. అక్కడ ఈ నాలుగెకరాలూ ఆమె తండ్రి ఆమె పేరున రాసిన నేల. రెండేళ్ళుగా అక్కడ కోత కోస్తున్నది పందులే. చేను చుట్టూ పాత చీరలు కట్టింది. వారం తిరిగేసరికి పందులు ఆ చీరల నీడనే పడుకున్నాయి. మంగలి షాపు నుంచి గోనెసంచీడు వెంట్రుకలు తెచ్చి చల్లింది. టపాకాయలు కాల్చింది. మొదటి రెండు రోజులూ పారిపోయాయి, మూడో రోజు తలెత్తి చూసి మళ్ళీ తినసాగాయి. చివరికి భర్త బసవపున్నయ్యకు మాటిచ్చింది, ఈ పంట కూడా పందుల పాలైతే నేలను సోలార్ కంపెనీ వాళ్ళకు రాసిచ్చేస్తానని. హైమావతి మాటంటే మాటే. అందుకే ఆయన రెండోసారి అడగలేదు.

ఏడాదిన్నర ఆఫీసుల చుట్టూ తిరిగాక పంట కాపాడుకోవడానికి ఆమె పేరున తుపాకి లైసెన్సు వచ్చింది. ఫారెస్టు వాళ్ళ అనుమతి కాగితమూ వచ్చింది. ఇక రావలసింది తుపాకే.

కోనపాలెంలో తుపాకి చప్పుడు ఒక రోజు ముందు వినపడుతుంది. రేపు నాలుగింటికి పేలబోయేది ఇవాళ నాలుగింటికి వినపడుతుంది. పేలేటప్పుడు పొగ, వాసన తప్ప మరేమీ ఉండవు. టపాకాయలకు ఈ పద్ధతి లేదు, తుపాకికే. వెనకటి గొడవల రోజుల్లో పక్క ఊళ్ళకన్నా ఆ ఊళ్ళో తక్కువమంది చచ్చారంటే కారణం అదే. చప్పుడు వినపడగానే ఆడవాళ్ళు మగవాళ్ళను చుట్టాల ఇళ్ళకు తరిమేవాళ్ళు. మర్నాడు వచ్చినవాడు ఖాళీ మంచాన్ని కాల్చి పోయేవాడు.

ఆ బుధవారం మధ్యాహ్నం బసవపున్నయ్య హుషారుగా వచ్చాడు.

"బేరం కుదిరింది. పక్కూరి మాజీ సర్పంచి వెంకటేశ్వర్లు బాబాయ్ దగ్గర మూడొందల పదిహేను బోరు రైఫిలుంది. బోల్టు లాగి కొట్టేది. కొత్తదాన్లో సగానికే ఇస్తానన్నాడు. రేపు తెస్తాడు, నేనే పేల్చి చూస్తా."

"సగానికెందుకిస్తున్నాడంట?"

"అన్నదమ్ములిద్దరికీ చెరొకటుందిలే. ఈయన ఇప్పుడు వాడట్లా."

"బర్రెని కొనేటప్పుడు పళ్ళు చూడకుండా కొన్నావా ఎప్పుడన్నా?"

"తుపాకికి పళ్ళేందే?" అని నవ్వాడాయన.

సరిగ్గా నాలుగింటికి ఊరంతా విన్నది. మామూలు తుపాకి చప్పుడు కాదది. ముందు ఏదో గొంతులో అడ్డం పడ్డట్టు ఒక మూలుగు, వెంటనే కుక్కర్ మూత పైకప్పుకి తగిలినట్టు, ఇనుము చీలినట్టు ఒక పెళపెళ. కొట్టంలో బర్రె తాడు తెంపుకుంది. పక్కింటి కుల్సుం చేతిలో చేట అలాగే పట్టుకుని గోడ దగ్గరికొచ్చింది. ఆమె మొగుడు మాచర్లలో నలభయ్యేళ్ళు తుపాకులు బాగుచేసిన మిస్త్రీ. ఆయన పని చేస్తుంటే లాంతరు పట్టుకుని నిలబడింది ఆమే. ఆయన పోయాక ఆ చెవులు మాత్రం ఈమె దగ్గరే ఉండిపోయాయి.

"హైమా, విన్నావా? ముందుకి పోయిన చప్పుడు కాదే అది. ఎనక్కి తన్నింది. రేపు ఎవరే తుపాకి పేల్చేది?"

హైమావతి మొగుడి వైపు చూసింది. బసవపున్నయ్య మెడలో తువ్వాలు సర్దుకున్నాడు.

"వినపడింది తప్పదు గదా పిన్నీ," అన్నాడు గొంతు తగ్గించి. "ఇప్పుడు వద్దన్నా పేలుద్దిగా."

"పేలనీ," అంది హైమావతి. "ఎనక నువ్వుంటావని యాడన్నా వినపడిందా?"

మర్నాడు మూడున్నరకి వెంకటేశ్వర్లు బండి మీద వచ్చాడు, రైఫిలును పాత దుప్పట్లో చుట్టుకుని. చేలో మోటారు షెడ్డు దగ్గర మంచం వేశారు. మజ్జిగ ఇచ్చారు. హైమావతి దుప్పటి విప్పింది. కర్రకి మంచి మెరుగు పెట్టారు. పెళ్ళిచూపులకు తయారైన పిల్లలా ఉంది. మెరుగు చూసి ఆమె ఇంకాస్త జాగ్రత్త పడింది.

కుల్సుం రాత్రి నేర్పిన వరసలోనే, ముందు తూటా లేదని చూసుకుని, తూటా వెనక గొట్టాన్ని మూసే బోల్టు ఊడదీసింది. గొట్టాన్ని ఆకాశం వైపు పెట్టి వెనక నుంచి కన్నుపెట్టి చూసింది. లోపల మెలి తిరిగిన గీతలు సగం దూరం బాగానే ఉన్నాయి, ఆ తర్వాత తుప్పు గుంటలు. కర్రకీ ఇనుముకీ మధ్య కాగితం జొనిపి సందు చూసింది. తర్వాత బోల్టును కొంగుతో తుడిచి వెలుగులో పెట్టింది.

"బాబాయ్, తుపాకి మీద నంబరు రెండువేల రెండొందల పదమూడు. బోల్టు మీద పద్నాలుగుంది."

"ఒక్క అంకె గదమ్మా!" వెంకటేశ్వర్లు మూతి తుడుచుకున్నాడు. "రెండూ ఒకే రోజు కొన్నవి. ఎలక్షన్లప్పుడు స్టేషన్లో అప్పజెప్పే ముందు బోల్టులు ఊడదీసి వడ్ల గాదెలో దాస్తాం. మన తుపాకితో ఇంకొకడు కాలిస్తే కేసు మనకి గదా. ఎలక్షన్ అయిపోయాక ఏది చేతికొస్తే అది తగిలిస్తాం."

ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో రెండు తుపాకులున్నాయి, రెండు బోల్టులున్నాయి, ఎవరికీ అనుమానం రాలేదు. పల్నాటిలో తుపాకిని అంత జాగ్రత్తగా దాచుకోవడం వల్లే అది పాడయిందని హైమావతికి అర్థమైంది.

కుల్సుం చేట ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూచుని వింటోంది. "ఏమయ్యా సర్పంచీ, అన్న చెప్పులు తమ్ముడేసుకుంటాడు. అన్న పళ్ళసెట్టు తమ్ముడు పెట్టుకుంటాడా?"

"తుపాకి గురించి నాకు చెప్తుండావా?"

"నాకు తెలిసింది చెప్తుండా. ఏ గొట్టానికి ఆ బోల్టే సానబట్టి కూచోబెడతారు. వెంట్రుకవాసి సందున్నా తూటా వెనక్కి చిట్లుద్ది. అప్పుడా మంటా ఇనుమూ వచ్చేది నీ కంట్లోకే."

"మార్చి తగిలించాక ఎన్నిసార్లు పేల్చారు బాబాయ్?" హైమావతి అడిగింది.

వెంకటేశ్వర్లు మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "పోయిన ఎలక్షన్ నుంచీ పేల్చలే."

"అదీ."

ఆయనకి రోషం వచ్చింది. ఇద్దరాడవాళ్ళు, అందులో ఒకరు చేట పట్టుకొచ్చినామె, తన తుపాకికి వంక పెట్టారు. లేచి రైఫిలు అందుకున్నాడు. "ఏందమ్మా ఈ పరీక్షలు? నేనే పేల్చి చూపిస్తా. అదిగో ఆ తుమ్మచెట్టు."

బసవపున్నయ్య ఫోన్లో టైము చూశాడు. పది తక్కువ నాలుగు.

"బాబాయ్, నిన్న ఈ వేళకి మా ఊరు విన్నది," అన్నాడు.

వెంకటేశ్వర్లు చెయ్యి ఆగింది. కోనపాలెం సంగతి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. ఆయన పెళ్ళి ముహూర్తం కూడా ఆ చప్పుళ్ళు విన్నాకే మార్చారట. "ఎట్టా వినపడింది?" అని మెల్లిగా అడిగాడు.

"మంచి చప్పుడు గాదు," అంది కుల్సుం.

హైమావతి అప్పటికే ట్రాక్టరు పాత టైరు దొర్లించుకొస్తోంది. టైరు మీద రైఫిలును పగ్గంతో బిగించి కట్టింది. మూతి మట్టిదిబ్బ వైపు పెట్టింది. ట్రిగ్గరుకి నులకతాడు ముడేసి, వెంకటేశ్వర్లు తెచ్చిన తూటా పెట్టి బోల్టు మూసి, తాడు వదులుతూ షెడ్డు గోడ వెనక్కి నడిచింది. అందరినీ గోడ చాటుకి రమ్మంది. వెంకటేశ్వర్లు చివరగా వచ్చాడు, వెనక్కి చూసుకుంటూ.

నాలుగింటికి తాడు లాగింది.

ఏ చప్పుడూ లేదు. కాకి కూడా ఎగరలేదు. గోడ చివరి నుంచి పొగ మాత్రం మెల్లగా తేలుకుంటూ వచ్చింది. వెళ్ళి చూస్తే టైరు సగం తిరిగిపోయి ఉంది. మెరుగుపెట్టిన కర్ర నిలువునా చీలింది. షెడ్డు రేకు తలుపుకి బొటనవేలంత కన్నం పడింది. వెంకటేశ్వర్లు ఆ కన్నం దగ్గర నిలబడ్డాడు. అది సరిగ్గా ఆయన కుడికంటి ఎత్తులో ఉంది. అరచేత్తో కన్ను మూసుకుని, తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. అప్పుడు జేబులోంచి ఫోను తీశాడు.

"ఒరేయ్ తమ్ముడూ, నీ తుపాకి జోలికి పోమాక. పోమాకన్నానా! ఎందుకో వచ్చి చెప్తా."

పోయేటప్పుడు బండి ఎక్కబోయి ఆగి, "అమ్మాయ్, నువ్వు మా ఇంటికి ఎప్పుడొచ్చినా భోంచేసి పోవాల," అన్నాడు. తుపాకి ధర ఊసు ఎత్తలేదు.

శుక్రవారం పొద్దున హైమావతి గట్టు వెంబడి నడిచింది. ఒక్క సాలు కూడా పడలేదు. శనివారమూ లేదు. ఆదివారమూ లేదు. బుధవారం నుంచి చేలో ఒక్క గిట్ట గుర్తు కూడా లేదని అప్పుడామెకు తట్టింది. పందులూ ఈ ఊరివేగా, ఊరితో పాటు అవీ విన్నాయి. టపాకాయలకు అలవాటు పడ్డాయి గానీ ఈ చప్పుడు వాటికి కొత్త. సోమవారం మళ్ళీ మూడు సాళ్ళు పోయాయి.

"పందిని చంపక్కర్లేదు," అంది మొగుడితో. "అప్పుడప్పుడూ వినపడితే చాలు. కానీ నిఖార్సయిన తుపాకి కావాల. కోతకింకా నెల్లాళ్ళుంది. పద, పేట పోదాం."

నరసరావుపేటలో తుపాకుల షాపాయన తక్కువ ధరలో రెండు కొత్త రైఫిళ్ళు బల్ల మీద పెట్టాడు. రెండూ అదే బోరు, రెండూ ఒకేలా ఉన్నాయి. హైమావతి ముందు తూటాల గురించి అడిగింది. ఏ నెలలో అయినా దొరుకుతాయా, లేక తుపాకిని గోడకి తగిలించుకుని చూసుకోవాలా? దొరుకుతాయన్నాడు. నంబర్లు చూసింది. లైసెన్సులో రాసిన బోరుతో సరిపోయిందో లేదో చూసింది. బోల్టు యాభైసార్లు లాగింది, నెట్టింది. షాపాయన ఇరవయ్యో సారికి టీ తెప్పించుకున్నాడు. సేఫ్టీ వేసి ట్రిగ్గరు నొక్కింది, కదల్లేదు. రైఫిలు భుజానికెత్తి కళ్ళు మూసుకుంది, తెరిచింది. గురి కంటికి ఎదురుగా ఉంది, మెడ వంచక్కర్లేదు. రెండూ అన్నిటికీ నిలబడ్డాయి.

"మేడమ్, పెళ్ళికొడుకుని కూడా ఇంత చూడరు," అన్నాడు షాపాయన.

"అందుకే అన్ని సంబంధాలు చెడుతున్నయ్," అంది హైమావతి. ఫోను తీసి కుల్సుంకి చేసింది. "పిన్నీ, టైమెంత? పదకొండుంబావు. నేనీ మొదటిదాన్ని కొంటున్నా. రేపు పదకొండు ఇరవైకి చేలో పేలుస్తా. విను."

అయిదు నిమిషాలు గడిచాయి.

"ఏం లేదు హైమా. పక్కింట్లో రోలు చప్పుడు తప్ప."

హైమావతి ఆ రైఫిలును పక్కకు నెట్టేసింది.

"నువ్వు కొనకపోతే ఎట్టా వినపడుద్దే?" అన్నాడు బసవపున్నయ్య.

"వినపడుంటే కొనేదాన్నిగా." రెండోది చేతిలోకి తీసుకుంది. "పిన్నీ, ఇది. రేపు పదకొండున్నరకి."

బసవపున్నయ్య గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎందుకు చూస్తున్నారో తెలియకపోయినా షాపాయన కూడా చూశాడు. ముల్లు ఆరు మీదికి వచ్చింది. ఫోన్లో ముందు గాలి, తర్వాత కుక్కలు, ఆ తర్వాత కుల్సుం గొంతు పట్టరాని సంతోషంతో.

"వచ్చింది హైమా! ఒక్కటే దెబ్బ! సమ్మెట దాగలి మీద పడ్డట్టు, గుండ్రంగా, ముందుకే పోయింది. మా మిస్త్రీ వినుంటే బాగుండేదే! అయ్యో, ఆగాగు... వాగు పొదల్లోంచి పందులు లేచినయ్. ఒకటి, రెండు... పద్నాలుగు. పిల్లలతో సహా రోడ్డు దాటుతున్నయ్. మాచర్ల బస్సు ఆగిపోయింది. డ్రైవరు హారను కొడుతున్నాడు, వాటికి పట్టట్లా. అడివిలో పడ్డయ్!"

హైమావతి ఫోను బల్ల మీద పెట్టింది. "ఇది ప్యాక్ చెయ్యండి," అంది. అప్పుడు నవ్వింది. ఆమె నవ్వుతుంటే చూసి బసవపున్నయ్య కూడా గట్టిగా నవ్వాడు, షాపు బయటికి వినపడేలా.

సాయంత్రం స్టేషన్లో చూపించి నంబరు ఎక్కించుకుని ఇంటికొచ్చారు. మర్నాడు పదకొండున్నరకి చేను మధ్య నిలబడి మట్టిదిబ్బకి గురిపెట్టి ట్రిగ్గరు నొక్కింది. భుజానికి గట్టిగా తగిలింది. దిబ్బ మీద దుమ్ము లేచింది. ఊరు తన పనిలో తానుంది. బోల్టు లాగితే ఖాళీ తూటా మొక్కజొన్న ఆకు మీద పడి టప్పుమంది. ఆ ఉదయం వినపడ్డది అదొక్కటే.

కోత దాకా ఆమె తొమ్మిదిసార్లు పేల్చింది. ఏ రోజు పేల్చాలో ముందుగా ఎవరికీ చెప్పలేదు, పందులకు అలవాటు కాకూడదని. ఒక్క పందీ చావలేదు, ఒక్క సాలూ పడలేదు.

మిషను చేలో దిగి కంకులు ఒలుస్తున్న రోజు సోలార్ కంపెనీ మనిషి కారులో వచ్చాడు, చేతిలో కాగితాల ఫైలుతో. గింజలు కుప్పగా పడుతున్నాయి. గట్టు మీద వెంకటేశ్వర్లు, కుల్సుం పక్కపక్కన కూచుని, చేను మూల లేటుగా వచ్చిన లేత కంకులు కాల్చుకు తింటున్నారు, ఇద్దరి మధ్య ఉప్పూ కారం ఉన్న ఒకే ఆకు. ఫైలు మనిషి బసవపున్నయ్య దగ్గరికెళ్ళి మెల్లగా ఏదో అడిగాడు.

"నన్నడిగితే ఏం లాభమయ్యా?" అన్నాడు బసవపున్నయ్య గర్వంగా. "ఆమెనడుగు."

హైమావతి గింజలు గుప్పిట్లోకి తీసుకుని, తేమ ఎంతుందో ఒక గింజ కొరికి చూసింది. గట్టిగా ఉంది. ఫైలు వైపు చూడకుండానే చెప్పింది.

"నేల ఖాళీ లేదు బాబూ. వచ్చే వారం మిరప పెడతన్నా."