మూడు వారాలు పడుతుంది పిన్నీ

శాతం మాస్టారు ఏ అంకె వేసినా పెన్సిల్‌తోనే వేస్తారు. ఆయన అసలు పని భూగోళం చెప్పడం. దానికి తోడు పన్నెండో తరగతి పిల్లలకి ఏ కాలేజీలో సీటొస్తుందో, ఏ కాలేజీ గడప తొక్కనివ్వదో చెప్పే పని కూడా ఆయన నెత్తిన పెట్టారు. మెట్ల కింద గదిలో కూర్చుని, పిల్లలు తెచ్చిన కాగితాలు తిరగేసి, పాత హాజరు చీటీ వెనక ఒక అంకె వేసి చేతిలో పెడతారు. నలభై అంటే నూటికి నలభై పాళ్ళు ఆశ ఉన్నట్టు. పెన్నుతో ఎందుకు వేయరండీ అని అడిగితే "రాత మారుతూ ఉంటుందమ్మా" అంటారు. ఆ గదిలోంచి మొహం వేలాడేసుకుని వచ్చినవాళ్ళే ఎక్కువ, అయినా పిల్లలు వరస కట్టి మరీ వెళ్తారు. చెడ్డమాటైనా సరే, ఎవరో ఒకరు అంకె వేసి చెబితే మనిషికి అదో తృప్తి.

మేనేజరుకి ఆయన మొదట వేసిన అంకె పదిహేను.

మేనేజరు అన్నది బడిలో ఆ పిల్లకి పెట్టిన పేరు. పాడటం రాదు, వాయించడం రాదు. కానీ బడిలో ఏ కార్యక్రమం జరిగినా ఎవరు ముందు పాడాలి, మైకు ఎవరి చేతిలో ఎంతసేపుండాలి, వెనక బెంచీలకి వినపడుతోందా లేదా, అన్నీ తనకే కావాలి. పాటని రికార్డు చేయించడం, జనం చెవిదాకా చేర్చడం, పాడినవాళ్ళ హక్కులు కాపాడటం నాలుగేళ్ళపాటు నేర్పే కాలేజీ ఒకటుంది. సంగీత వ్యాపారం ఆ చదువు పేరు. సీట్లు ముప్ఫై. ఆ సంగతి తెలిసిన రోజు నుంచీ పిల్లకి అన్నం సయించడం మానేసింది. ఫ్రిజ్‌లు బాగుచేసే వాళ్ళ నాన్న మాత్రం, "పాడేవాళ్ళకే గతి లేదు, ఇక పాడించేవాళ్ళకెక్కడిదే? ఆలూ లేదు, చూలూ లేదు!" అని నవ్వేవాడు. నవ్వుతూనే తన షెడ్డులో ఒక మూల ఖాళీ చేసిచ్చాడు. అంతకంటే ఏ తండ్రి ఏం చేస్తాడు?

ఆ మూల ఎందుకంటే, దరఖాస్తుతోపాటు పిల్లలు సొంతంగా విడుదల చేసిన పాట ఒకటి చూపించాలి. కాలేజీవాళ్ళు చూసే రోజున ఆ పాట పాటల సైటులో మోగుతూ ఉండాలి. అలా లేకపోతే కాగితాలు చెత్తబుట్టకే.

పాడింది బొంగురు. చిన్నప్పుడు గొంతుకి ఏదో ఆపరేషనై, అప్పట్నుంచీ గరగరలాడుతూ మాట్లాడేది కాబట్టి ఆ పేరు. మాట్లాడితే నవ్వే పిల్లలు పాడితే నోరు మూసుకునేవాళ్ళు. బట్టల దుకాణంలో పనిచేసే వాళ్ళమ్మ ఇంటికి ఆలస్యంగా వస్తుంది. తలుపు అవతల తాళంచెవి చప్పుడు ఎప్పుడవుతుందా అని చెవులు రిక్కించుకుని కూర్చునే పిల్ల గురించి తనే పాట కట్టింది. పాత ఫ్రిజ్‌ల మధ్య దుప్పట్లు వేలాడదీసి రికార్డు చేశారు. ఒక్క చరణం చాలు, రెండోది సాగదీసినట్టుంటుంది అని బొంగురు, రెండోదే అసలు పాట అని మేనేజరు, ఒక పూటంతా కొట్టుకున్నారు. మేనేజరే నెగ్గింది. పాట మూడు నిమిషాల నలభై సెకన్లకి పెరిగింది.

వ్యాపారమన్నాక ఒప్పందం ఉండాలి కదా. లైబ్రరీ పుస్తకంలో చూసి మేనేజరు ఒక కాగితం రాసింది. పాట మీద హక్కులు శాశ్వతంగా మేనేజరువి.

"శాశ్వతంగా అంటే ఎన్నాళ్ళే?" అంది బొంగురు సంతకం పెడుతూ.

"నువ్వు ముసలిదానివై పళ్ళూడేదాకా" అంది మేనేజరు.

ఇద్దరూ పడీపడీ నవ్వారు. పాటని మొత్తం రెండువందల పన్నెండుమంది విన్నారు. మాస్టారు వేసిన పదిహేను ఆ లెక్కకే. దరఖాస్తులో పాడినవాళ్ళ ఇంటి ఫోన్ నంబరు రాయమని ఒక గడి ఉంటే, మేనేజరు అందులో బొంగురు వాళ్ళమ్మ నంబరు రాసింది. "అది ఊరికే లాంఛనం. నా సర్వీసులో ఎవరూ ఫోన్ చేసిన పాపాన పోలేదు" అన్నారు మాస్టారు.

తర్వాత నెలలో బొంగురుకి జ్వరమొచ్చింది. మెదడుకి పాకిందన్నారు. నాలుగు రోజులు, అంతే. ఐదో రోజున తరగతిలో మూడో బెంచీ చివర చోటు ఖాళీ.

ఎవరో తోటిపిల్ల బొంగురు ఫొటోకి ఆ పాట జతచేసి అందరికీ పంపింది. వారం తిరిగేసరికి నాలుగు లక్షలమంది విన్నారు. పక్షం రోజులకి ఆటోల్లో, మందుల షాపుల్లో, ఎవరి ఫోన్‌లో చూసినా అదే పాట. బతికుండగా రెండువందల పన్నెండు జతల చెవులకి మించి దొరకని పిల్లకి పోయాక ఊరంతా చెవులే. మాస్టారు పాత చీటీ అడిగి తీసుకుని, రబ్బరుతో పదిహేను చెరిపి, పొట్టు ఊదేసి, డెబ్బై వేశారు. "పాపం" అన్నారు, "కానీ" అన్నారు, చీటీ తిరిగి పిల్ల చేతిలో పెట్టారు. స్నేహితురాలి చావు యాభై అయిదు పాళ్ళు చేస్తుందని మేనేజరుకి అలా తెలిసింది. ఆ చీటీని లెక్కల పుస్తకంలో దాచుకుంది. దాచుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది, అయినా పారేయలేదు.

ఒక ఆదివారం బొంగురు వాళ్ళమ్మ మేనేజరు వాళ్ళ ఇంటికొచ్చింది. నోట్లో నాలుక లేని మనిషి. కుర్చీ వేస్తే అంచున కూర్చుంది, మంచినీళ్ళిస్తే తాగకుండా గ్లాసు పట్టుకుంది.

"ఆ పాట తీసెయ్యమ్మా" అంది.

మేనేజరు ఎందుకని అడిగింది.

"మా షాపులో రోజుకి ఆరుసార్లు వేస్తున్నారు. నేనుండేది రెండో అంతస్తులో, బట్టలు వేసి చూసుకునే గదుల దగ్గర. స్పీకరు సరిగ్గా నా నెత్తి మీదుంటుంది. టోకెన్లు ఇస్తూంటాను, అది పాడుతూంటుంది. మా సూపర్‌వైజర్ని అడిగాను. పాటలు పై ఆఫీసు నుంచొస్తాయి, నా చేతిలో లేదన్నాడు. నీ చేతిలో ఉందట కదా, ఎవరో చెప్పారు. పిల్లని చూసుకోలేకపోయాను, కనీసం దాని గొంతన్నా బజార్లో పడకుండా చూసుకోనీ తల్లీ."

నిజమే, ఆ పిల్ల చేతిలోనే ఉంది. సైటులోకి వెళ్ళి తొలగించు అని నొక్కితే చాలు. కానీ కాలేజీవాళ్ళు పాటలు చూసేది వచ్చే ఇరవయ్యో తారీకు దాకా. ఇంకా పంతొమ్మిది రోజులుంది. పిల్ల ఆలోచించి అబద్ధమాడిందని చెప్పలేం. అబద్ధం ముందొచ్చింది, ఆలోచన తర్వాతొచ్చింది.

"ఇవాళే అర్జీ పెడతాను పిన్నీ. కానీ తీయడానికి వాళ్ళకి మూడు వారాలు పడుతుంది."

"మూడు వారాలా?" అంది ఆవిడ. ఆ తర్వాత తనే సర్దుకుంది. "పోనీలే, ఇన్నాళ్ళు ఓర్చుకున్నాను. నువ్వు మాత్రం ఏం చేస్తావమ్మా." లేచి, పిల్ల తల నిమిరి వెళ్ళింది. బొంగురు జుట్టు కూడా అలాగే నిమిరేది.

నాన్న గుమ్మంలోంచి అడిగాడు. "పెట్టావా అర్జీ?"

"పెట్టాను" అంది. ఒకసారి అడుసులో కాలు పెట్టాక రెండో అడుగు వేయడం ఏమంత కష్టం కాదు.

రోజులు గడిచాయి. సీటొచ్చాక ఈ రంగంలోనే పెద్దదాన్నై బొంగురు పేరు నిలబెడతానని పిల్ల తనకి తాను చెప్పుకునేది. తప్పు చేసేవాళ్ళకి ఇలాంటి మంచి మాటలు పుట్టెడు దొరుకుతాయి. పద్నాలుగో రోజున నాన్న కొత్త చొక్కా కొనిపెడతానని ఆ బట్టల దుకాణానికే తీసుకెళ్ళాడు. వద్దంటే ఎందుకని అడుగుతాడు. వెళ్ళింది.

రెండో అంతస్తులో చొక్కాల వరస వెనక నిలబడి చూసింది. ఆవిడ వచ్చినవాళ్ళ చేతిలో బట్టలు లెక్కచూసి ప్లాస్టిక్ టోకెన్లు ఇస్తోంది. అంతలో పాట మొదలైంది. తాళంచెవి చప్పుడు కోసం ముందు పెట్టిన టిక్కుమనే శబ్దం, దాని వెనక బొంగురు గరగర. ఆవిడ చేతిలో టోకెన్లు బల్లమీద పెట్టి, చేతులు చీరకి తుడుచుకుని, నాలుగో నంబరు గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. బయట ఇద్దరు ఆడవాళ్ళు బట్టలు పట్టుకుని విసుక్కున్నారు. "పాటైపోయాక వస్తుందిలెండి, రోజూ ఇంతే" అంది పక్క కౌంటరు అమ్మాయి.

మొదటి చరణం అయింది. ఇక బయటికొస్తుందేమో అని మేనేజరు ఆ తలుపుకేసి చూస్తూ నిలబడింది. రెండో చరణం మొదలైంది. అది ఉంచమని పట్టుబట్టింది తనే.

చొక్కా వద్దని కిందికొచ్చేసింది. ఫోన్ తీసి సైటు తెరిచి, ఆ బటన్ మీద వేలు పెట్టబోయి ఆగింది. ఇంకో ఐదు రోజులే కదా, అనుకుంది. పద్నాలుగు రోజులు పడ్డ మనిషి ఇంకో ఐదు రోజులు పడలేదా, అని కూడా అనుకుంది. ఆ రెండో మాట అనుకున్న సంగతి తను ఎన్నటికీ ఎవరికీ చెప్పలేదు.

ఇరవై ఒకటో తారీకున కాలేజీ జాబితా పెట్టింది. ముప్ఫై పేర్లలో ఆ పిల్ల పేరు లేదు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు.

"నాకూ అంతుపట్టడం లేదమ్మా. ఇన్ని లక్షలమంది విన్న పాట ఇంకెవరి దగ్గరుంటుంది? పాట బాగుంది, లెక్కలు బాగున్నాయి. ఎక్కడ చెడిందో!" అంటూ అలవాటుగా రబ్బరు చేతిలోకి తీసుకున్నారు.

మేనేజరు ఏడవలేదు. బడి నుంచి సరాసరి బట్టల దుకాణానికి నడిచింది. ఇక పాటతో తనకి పని లేదు, తీసేసి, తీసేశారట పిన్నీ అని చెబితే సరిపోతుంది, ఆ పుణ్యమన్నా దక్కుతుంది. దారంతా అదే ఆలోచన. పిల్ల అప్పటికింకా వ్యాపారమే చేస్తోంది.

ఆవిడ వెనక మెట్ల మీద కూర్చుని డబ్బాలో అన్నం తింటోంది. రెండింటికి పాట వస్తుంది కాబట్టి ఆ వేళకి ఇక్కడికొచ్చేస్తుంది. తలుపు మూస్తే ఇక్కడికి వినపడదు. పిల్లని చూడగానే మొహం విప్పారింది.

"సీటొచ్చిందా?"

"రాలేదు పిన్నీ."

"అదేంటి!" అంది ఆవిడ. చేతిలో ముద్ద డబ్బాలోనే వదిలేసింది. "నేనంత బాగా చెప్పానే!"

"ఎవరికి?"

"మంగళవారం మీ కాలేజీ ఆయనెవరో ఫోన్ చేశాడమ్మా. ముందే చెబితే ఎక్కడ చెడిపోతుందోనని నీతో అనలేదు. పాట విషయంలో మీకేమన్నా బాధ ఉందా అని అడిగాడు. ఆ పిల్ల వల్ల నాకే బాధా లేదండీ, తీసెయ్యమని అడగ్గానే ఆ పూటే అర్జీ పెట్టింది, బంగారు తల్లి, అన్నాను. మీవాళ్ళే మూడు వారాలు చేస్తున్నారు కానీ పాపం పిల్లేం చేస్తుందండీ అన్నాను. మూడు వారాలా అని ఆయన రెండుసార్లు అడిగాడు. సరిగ్గా వినపడలేదేమో అనుకున్నా. తర్వాత, మీరడిగింది ఏ రోజండీ అన్నాడు. తారీకుతో సహా చెప్పాను, క్యాలెండర్లో గుర్తు పెట్టుకున్నా కదా." ఆవిడ పిల్ల మొహంలోకి చూసింది. "ఏమన్నా తప్పు చెప్పానా అమ్మా?"

మేనేజరు కింది మెట్టు మీద కూర్చుంది. ఫోన్ చేసినాయనకి మూడు వారాల మాట వినగానే సంగతంతా తెలిసిపోయి ఉంటుంది. పాటలు పెట్టడం, తీయడం ఆ కాలేజీలో మొదటి వారం పాఠం. తనని తన్ని తగలేసింది శత్రువు కాదు. తనకోసం చెప్పిన మంచి మాట.

బాగానే చెప్పావు పిన్నీ, అనేసి లేచిపోవచ్చు. ఈవిడకి ఎప్పటికీ తెలియదు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. పిల్ల దాన్ని మింగి, ఫోన్ తీసి, ఆవిడకి కనపడేలా పట్టుకుంది. సైటు తెరిచింది. పాట పేరు, పక్కన బొంగురు ఫొటో. తొలగించు అన్నచోట నొక్కింది. తప్పదా అని అడిగితే అవును అని నొక్కింది. తెర తెల్లబడి, పాట తొలగించబడింది అని వచ్చింది. ఆవిడ వదిలేసిన ముద్ద డబ్బాలో ఇంకా అలాగే ఉంది.

"అంతేనా?" అంది.

"అంతే పిన్నీ."

ఆవిడ ఫోన్‌కేసి చాలాసేపు చూసింది. డబ్బా మూత పెట్టబోతే పట్టలేదు, తిప్పి పెట్టింది.

"అయితే నీ సీటు పోగొట్టింది నేనేనన్నమాట."

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని మేనేజరు వెతికింది. ఎత్తిపొడుపు ఉంటే కాళ్ళ మీద పడొచ్చు. లేదు. ఆవిడ నిజంగానే నొచ్చుకుంటోంది. చెంప పగలగొట్టినా ఇంతకంటే నయంగా ఉండేది.

పైన బెల్లు మోగింది. ఆవిడ కమ్మీ పట్టుకుని లేచి, రెండు మెట్లెక్కి, వెనక్కి తిరక్కుండానే అంది.

"టైమైంది. వెళ్తాను."

చివర అమ్మా అనలేదు. తలుపు తీసి లోపలికి వెళ్ళిపోయింది. లోపల వేరే ఎవరిదో పాట వస్తోంది.